రోష్నీలో మా హిస్సా

అరబ్బీలో జజీరా అంటే దీవి. ఆ లఫ్జ్ ఫార్సీ మీదుగా ఉర్దూలోకి, ఉర్దూ నుంచి మన దక్కన్ నోళ్లలోకి వచ్చింది. అరబ్బులు దాన్ని సముద్రం నడుమ ఉన్న నేలకు మాత్రమే వాడలేదు. దజ్లా, ఫురాత్ దరియాల మధ్య ఉన్న ఎగువ ఇలాకాను కూడా అల్ జజీరా అనే పిలిచారు. మనం ఇస్కూల్లో టైగ్రిస్, యూఫ్రటీస్ అని చదువుకున్న నదులే అవి. మూడు దిక్కుల నీళ్లున్న నేలను ఉర్దూ జుగ్రాఫియా కితాబుల్లో జజీరా-నుమా అని రాస్తారు. దీవిలా కనిపించేది అని మానీ.

ఇప్పుడు తెలంగాణ నక్షా ముందు పెట్టుకుని మా నారాయణఖేడ్‌ను చూడండి. మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ గుట్టల్లో పుట్టిన మంజీరా లాతూరు, బీదర్ దాటి మా దక్షిణం పక్క నుంచి వస్తుంది. సింగూరు దగ్గర కట్టకు తగిలి, సంగారెడ్డి వైపు పోయి, అక్కడ ఒక్కసారిగా మొహం తిప్పుకుని ఉత్తరానికి మళ్లుతుంది. ఘనపురం ఆనకట్ట, ఏడుపాయలు దాటుకుని నిజాంసాగర్‌లో పడి, బోధన్ వైపు నడిచి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే దక్షిణాన మంజీరా, తూర్పున మంజీరా, ఉత్తరాన మళ్లీ అదే మంజీరా. పడమర మాత్రం బీదర్ వైపు తెరుచుకుని ఉంటుంది. ఖేడ్ ఇలాకా మొత్తం ఆ వొంపు లోపల కూర్చుని ఉంది. సముద్రం లేని జజీరా-నుమా అది.

ఆ వొంపు మీద రెండు పెద్ద కట్టలున్నాయి, రెండింటి దగ్గరా కరెంటు పుడుతుంది. నిజాంసాగర్‌లో 10 మెగావాట్లు, సింగూరులో 15 మెగావాట్లు. బొగ్గు లేదు, పొగ లేదు. ఇవాళ్టి భాషలో సాఫ్ ఎనర్జీ. మరి ఆ రోష్నీ మా వొంపు లోపలికి ఎప్పుడు, ఎంత, ఎవరి చేతుల మీదుగా వచ్చింది? మా ఇలాకా తారీఖ్‌ను ఈ సవాల్ పట్టుకుని చదివితే, రాజుల పేర్లు పట్టుకుని చదివినప్పటికంటే ఎక్కువ అర్థమవుతుంది.

ముందు ఒక్క సంగతి. కరెంటు రాకముందు మా దగ్గర ఎనర్జీ లేకపోలేదు. మోట కొట్టే ఎడ్లు ఎనర్జీయే. ఇసుర్రాయి తిప్పే ఆడవాళ్ల రెక్కలూ ఎనర్జీయే. పొయ్యిలోకి పిడకలు, కంది కట్టె, జొన్న కట్టె. దీపానికి ఆముదం. మా వొంపుకు పడమరన, బీదర్ పక్కన నౌబాద్‌లో బహ్మనీల జమానాలో తవ్విన కారేజ్ ఉంది. భూమి లోపల సొరంగం, దాని మీద వరసగా బావుల్లాంటి గాలి రంధ్రాలు. ఈరాన్ పనితనం. ఏ ఎద్దూ గుంజకుండా, ఏ మనిషీ తోడకుండా, నేల వాలును బట్టి నీళ్లు తమంతట తామే నడిచివచ్చే ఏర్పాటు. మోటార్లు వచ్చాక ఈ రకం అకల్‌ను మనం పూర్తిగా మర్చిపోయాం.

ఆముదం దీపం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. హైదరాబాద్ రియాసత్‌లో ఆముదం బాగా పండేది, వ్యాపారులు దాన్ని విదేశాలకు కూడా పంపేవాళ్లు. ఊళ్లో రైతు చేన్లో గింజ, ఊళ్లో గానుగ, ఊళ్లోనే దీపం. ఆ తర్వాత ఘాస్లెట్ వచ్చింది. మా ఇళ్లల్లో కిరోసిన్‌ను ఇప్పటికీ ఘాస్లెట్ అంటారు, పక్కింటి తెలుగువాళ్లు గ్యాస్ నూనె అంటారు. టిన్ డబ్బాల్లో రైలెక్కి, బండెక్కి వచ్చింది. చిమ్నీ, కందిలి, లాల్టెన్, పెళ్లిళ్లకైతే పెట్రోమాక్స్. వెలుగు ఆముదం కంటే ఎక్కువ, ధర కూడా అందుబాటులోనే. ఎవరూ జబర్దస్తీ చేయలేదు, అందరూ ఖుషీగానే మారారు. కానీ ఆ మార్పుతో ఊరు తన దీపాన్ని తాను వెలిగించుకునే హాలత్ పోయింది. అటు తర్వాత దీపం నూనె కోసం బజారు వైపు, ఆ పైన రేషన్ దుకాణం వైపు చూడాల్సి వచ్చింది. దునియాలో ఎక్కడ చిన్న దీవుల తారీఖ్ చదివినా ఈ మలుపు కనిపిస్తుంది. సొంత నూనె పోయి, పడవలో వచ్చే నూనె వస్తుంది. పడవ రాని రోజు అంధేరా.

ఆ రోజుల్లో మేం బీదర్ జిల్లా వాళ్లం. 1956 నవంబర్ 1 దాకా నారాయణఖేడ్ తాలూఖా బీదర్‌లోనే ఉంది. రియాసత్‌ను మూడు ముక్కలు చేసినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయింది, మమ్మల్ని మెదక్ జిల్లాకు కలిపారు. 2016 అక్టోబర్‌లో మళ్లీ జిల్లాలు విడదీస్తే మేం సంగారెడ్డి జిల్లాలోకి వచ్చాం. ఏ జిల్లాలో ఉన్నా మేం దాని చివర్నే ఉన్నాం. తీగ ఎప్పుడూ సదర్ ముఖామ్ నుంచి బయల్దేరుతుంది. చివరి ఊరికి చేరేసరికి స్తంభాలు అయిపోతాయి, లేదంటే బడ్జెట్ అయిపోతుంది.

హైదరాబాద్ షహర్ సంగతి వేరు. అక్కడ 1920లోనే హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గుతో నడిచే కరెంటు కార్ఖానా లేచింది. దేవిడీల్లో పంకాలు తిరిగాయి, సడకుల మీద బల్బులు వెలిగాయి. 1983 దాకా నడిచిన ఆ కార్ఖానాను తర్వాత కూల్చేశారు. ఇప్పుడు ఆ జాగాలో నిలబడి అడిగితే చాలామందికి ఇక్కడ కరెంటు పుట్టిందన్న ఖబర్ కూడా ఉండదు.

మా వైపు కథ నిజాంసాగర్‌తో మొదలైంది. 1923లో పని షురూ చేసి 1931లో పూర్తి చేశారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హుకూమత్, చీఫ్ ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదుర్. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న పుట్టాడు. తెలంగాణ వచ్చాక ఆయన పుట్టిన తారీఖును ఇంజినీర్ల దినంగా జరుపుతున్నారు, మంచి పని. ఆయన మీద నాకు చాలా ఇజ్జత్ ఉంది. దక్కన్ నదులను ఆయన చదివినట్టు చదివినవాళ్లు తక్కువ. కానీ ఒక ఇంజినీర్ గొప్పతనం, ఆయన కట్టిన కట్ట వల్ల ఎవరికి ఫాయిదా, ఎవరికి నుక్సాన్ అన్న హిసాబ్, ఈ రెండూ వేర్వేరు కాగజ్‌ల మీద రాసుకోవాల్సిన సంగతులు.

నిజాంసాగర్ నీళ్లు కాలువలెక్కి ఉత్తరానికి, బాన్సువాడ, బోధన్ వైపు పోయాయి. ఆ నీళ్ల మీద వరి పండింది, చెరుకు పండింది, బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. మునిగింది మాత్రం కట్టకు ఎగువన ఉన్న ఊళ్లు. నీళ్లు వాలు పట్టుకునే నడుస్తాయి, ఖేడ్ పీఠభూమి ఎత్తు మీద ఉంది. కాబట్టి ఇందులో సాజిష్ ఏమీ లేదు. అయినా నతీజా చూడండి. మా ఇలాకా, తండాల మజ్దూర్లు కరువు సంవత్సరాల్లో మూట కట్టుకుని, మా పక్కనే పారే నది తడిపిన చేలల్లో చెరుకు కొట్టడానికి కూలికి పోయారు.

1950ల మధ్యలో నిజాంసాగర్ దగ్గర జల విద్యుత్ యంత్రాలు బిగించారు. ఈనాటి తెలంగాణ గడ్డ మీద నీళ్లతో కరెంటు తీసిన తొలి జాగాల్లో అదొకటి. దాని పని తీరు మామూలుగానే ఉంటుంది. కాలువకు నీళ్లు వదిలినప్పుడు ఆ నీళ్లే యంత్రం తిప్పుతాయి, వదలనప్పుడు యంత్రం ఊరుకుంటుంది. లెక్క కూడా సులభం. సెకనుకు ఒక ఘనమీటరు నీరు 10 మీటర్ల ఎత్తు నుంచి పడితే వంద కిలోవాట్ల దాకా తాఖత్ వస్తుంది. దక్కన్ కట్టలకు ఎత్తు తక్కువ, కాబట్టి పెద్ద చెరువు, చిన్న కరెంటు. పైగా మంజీరా ఒండ్రు మోసుకొచ్చే నది. మొదట్లో 29 టీఎంసీలకు పైగా పట్టిన నిజాంసాగర్ ఇప్పుడు 17.8 టీఎంసీల చెరువు. పూడిక నిండిన చోట నీళ్లుండవు, నీళ్లు లేని చోట కరెంటుండదు. సాఫ్ ఎనర్జీకి కూడా ముసలితనం వస్తుంది.

తర్వాత సింగూరు. దాని కథ షహర్ దాహంతో మొదలవుతుంది. హైదరాబాద్‌కు మంజీరా నీళ్లు 1965లో మొదటి విడత, 1981లో రెండో విడత పోయాయి. అవి చాలలేదు. సింగూరు దగ్గర దాదాపు 30 టీఎంసీలు పట్టే కట్ట వేశారు. 1991లో, 1993లో అక్కడి నుంచి మరో రెండు విడతలు షహర్‌కు మళ్లాయి. కట్ట వెనక నీళ్లు మా దక్షిణపు ఊళ్ల చేలల్లోకి వచ్చి నిలబడ్డాయి. నల్లరేగడి భూములు, జొన్న, కంది, శెనగ పండే నేల వేల ఎకరాలు మునిగింది. ముఆవజా ఇచ్చారు, నిజమే. ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, కోర్టుల చుట్టూ ఎన్నేళ్లు తిరిగారు అన్నది ముంపు ఊళ్ల బుజుర్గ్‌లను అడగండి, తీరికగా కూర్చుని అడగండి. ఒక్క పూటలో అయిపోయే కథ కాదు.

సింగూరు కట్ట కింద 7.5 మెగావాట్ల యంత్రాలు రెండు పెట్టారు. ఆ శతాబ్దం ముగిసే వేళకు అవి కరెంటు ఇవ్వసాగాయి. ఆ కరెంటు గ్రిడ్‌లో కలుస్తుంది. గ్రిడ్‌లో కలిసిన కరెంటుకు ఊరూ పేరూ ఉండవు, బిందెడు నీళ్లు తీసుకెళ్లి హౌజ్‌లో పోసినట్టే. 2015-16 కరువులో సింగూరు అడుగంటింది, షహర్‌కు పోయే పైపులు ఎండిపోయాయి, యంత్రాల సంగతి చెప్పేదేముంది. మరుసటి సెప్టెంబర్‌లో సైలాబ్ వచ్చి నిండింది. గేట్లు ఎత్తిన ప్రతిసారీ కింద ఏడుపాయల్లో వనదుర్గ గుడి ముందుకు నీళ్లొస్తాయి. అక్కడ మంజీరా పాయలుగా చీలి నిజంగానే చిన్న చిన్న దీవులను చేస్తుంది.

ఇక ఊళ్లల్లోకి కరెంటు ఎలా వచ్చింది? 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ పుట్టాక పని వేగం అందుకుంది. మొదట పెద్ద ఊళ్లకు, అందులోనూ సడక్ మీద ఉన్న ఊళ్లకు. దానితో గిర్నీ వచ్చింది, ఆడవాళ్ల చేతుల నుంచి ఇసుర్రాయి జారింది. నన్నడిగితే కరెంటు తెచ్చిన అసలైన ఇంకిలాబ్ బల్బు కాదు, గిర్నీ. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి జొన్నలు విసిరిన ఆడవాళ్లకు అది తిరిగి ఇచ్చిన నిద్రను ఏ మీటర్ కొలవగలదు? మోట పోయి ఆయిల్ ఇంజన్, ఆయిల్ ఇంజన్ పోయి మోటరు వచ్చాయి. బావి ఎండితే బోరు. బోరుకు రాత్రి కరెంటు. చీకట్లో స్టార్టర్ దగ్గరికి పోయి షాక్ కొట్టి, పాము కరిచి పోయిన రైతుల ఖబర్లు మన పేపర్ల జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి వచ్చాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు, 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాయి. ఈ రెండోది రైతును రాత్రి పొలం నుంచి ఇంటికి పంపింది, ఆ షుక్రియా చెప్పాల్సిందే. తండాలు మాత్రం వరసలో వెనకే నిలబడ్డాయి. స్తంభం ఊరి దాకా వచ్చి తండా దగ్గర ఆగిపోవడం మా ఇలాకాలో అందరూ చూసిన సంగతే.

ఇప్పుడు మా వొంపు వదిలి కొంచెం దూరం పోదాం, అసలు దీవుల దగ్గరికి.

లక్షద్వీప్‌లో మనుషులుండే దీవులు పది. 2011 జనాభా లెక్కల ప్రకారం 64 వేల పైచిలుకు ఆబాదీ, అందులో నూటికి 96 మందికి పైగా ముసల్మానులు. మాట్లాడేది మలయాళం, ఒక్క మినికాయ్‌లో మహల్ భాష. అక్కడ కరెంటు మొదట 1962లో మినికాయ్‌కు వచ్చింది, తర్వాత ఒక్కో దీవికి చేరుతూ అన్నిటికంటే చిన్న ఆబాదీ ఉన్న బిత్రాకు 1982లో వచ్చింది. అంతా డీజిల్ జనరేటర్ల మీదే. కేరళ తీరం నుంచి డీజిల్ పడవల్లో రావాలి. వానాకాలంలో సముద్రం రెచ్చిపోతే పడవలు నడవవు, కాబట్టి ముందే నింపి పెట్టుకోవాలి. కాల్చే డీజిల్ ధరకు తోడు మోసిన ఖర్చా, నిల్వ చేసిన ఖర్చా. తక్కువ లోతులోనే నీళ్లు తగిలే నేల మీద డీజిల్ కారితే తాగే నీళ్లే పోతాయి. అందుకని సోలార్ అక్కడ షౌక్ కాదు. 2024 జనవరిలో కవరత్తిలో బ్యాటరీతో కూడిన సోలార్ ప్లాంటు ప్రారంభమైంది. బ్యాటరీ ఎందుకంటే సూరజ్ సాయంత్రం దిగిపోతాడు, దీపం అప్పుడే కదా కావాలి. దీవి మనిషి అక్కడ గిరాకీ మాత్రమే, మాలిక్ కాడు.

బంగాళాఖాతం వైపు సాగర్ దీవి ఉంది, గంగాసాగర్ మేళా జరిగే చోటు. 1996లో అక్కడి కమల్‌పూర్ అనే ఊళ్లో 26 కిలోవాట్ల సోలార్ ప్లాంటు పెట్టారు. ఆ రోజుల్లో అదొక అజూబా. ఊరివాళ్ల కమిటీ కనెక్షన్లు చూసుకుంది, సాయంత్రం కొన్ని గంటలు కరెంటు, నెలనెలా చందా. పిల్లల చదువు, దుకాణాల బేరం రెండూ పెరిగాయి. ఇలాంటి ప్లాంట్లు సుందర్బన్స్‌లో మరికొన్ని వచ్చాయి. తర్వాత గ్రిడ్ తీగ నది దాటుకుని దీవికి చేరింది. 24 గంటలు, ఎంత కావాలంటే అంత, ధర కూడా తక్కువ. జనం అటు మళ్లారు. చిన్న సోలార్ ప్లాంట్ల మీద దుమ్ము పేరుకుంది. ఇందులో జనం తప్పు పట్టడానికి నాకేం కనిపించదు. ఇంట్లో ఫ్రిజ్ పెట్టుకోవాలని దీవివాళ్లకు మాత్రం ఉండదా? పేదవాడు సాఫ్ ఎనర్జీతో రెండు బల్బులకే తృప్తి పడాలని లెక్చర్ ఇచ్చేవాళ్లు మొదట తమ ఇంట్లో ఏసీ బంద్ చేసి రావాలి.

ఇక యూరప్. డెన్మార్క్‌లో సామ్సో అనే దీవి, నాలుగు వేల ఆబాదీ. ఒకప్పుడు బొగ్గు కరెంటు సముద్రం అడుగు కేబుల్‌లో వచ్చేది, చలికి ఇళ్లు వెచ్చబెట్టే నూనె ఓడలో వచ్చేది. 1997లో డెన్మార్క్ హుకూమత్ పెట్టిన పోటీలో, పదేళ్లలో సొంత సాఫ్ ఎనర్జీ మీద బతికి చూపిస్తామని చెప్పి సామ్సో గెలిచింది. 2000 నాటికి నేల మీద 11 గాలిమరలు, 2003 నాటికి సముద్రంలో 10 గాలిమరలు నిలబెట్టారు. గడ్డి కాల్చి నీళ్లు వేడిచేసి ఇళ్లకు పైపుల్లో పంపారు. ఇదంతా టెక్నాలజీ, ఎవరైనా కొనుక్కోవచ్చు. నన్ను ఆపింది ఇంకో సంగతి. నేల మీది 11 గాలిమరల్లో 9 అక్కడి రైతుల సొంతం, 2 వందలాది మంది చిన్న చిన్న హిస్సాలు కొనుక్కున్న కోఆపరేటివ్‌వి. సముద్రంలో ఉన్న పదింటిలో 5 దీవి మున్సిపాలిటీవి. ఆ మరల చప్పుడు ఎవరికీ చెడ్డగా వినిపించకపోవడానికి ఇదే అసలు కారణం అనుకుంటాను. తన హిస్సా తిరుగుతుంటే వచ్చే చప్పుడు కదా.

స్పెయిన్‌కు చెందిన ఎల్ హియెర్రో ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. ఆఫ్రికా పడమటి తీరానికి ఎదురుగా అగ్నిపర్వతపు దీవి. గాలి జోరుగా ఉన్నప్పుడు మిగిలిన కరెంటుతో కింది తొట్టిలోని నీళ్లను పైనున్న పాత అగ్నిపర్వతపు గుంతలోకి ఎక్కిస్తారు. గాలి పడిపోయినప్పుడు అవే నీళ్లను కిందికి వదిలి కరెంటు తీస్తారు. 2014లో మొదలుపెట్టారు, 2019 వేసవిలో మూడు వారాలకు పైగా డీజిల్ ముట్టకుండా దీవిని నడిపారు. ఆ కంపెనీలో పెద్ద హిస్సా దీవి సొంత కౌన్సిల్‌ది. మన మాటల్లో చెప్పాలంటే జిల్లా పరిషత్‌ది.

నీళ్లు ఎక్కించడం అనగానే మా వాళ్లకు ఒక తారీఖు గుర్తొస్తుంది. 2022 ఫిబ్రవరి 21న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ నారాయణఖేడ్‌కు వచ్చి సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన చేశారు. సింగూరు నీళ్లు ఎత్తి రెండు పథకాలతో కలిపి 3.84 లక్షల ఎకరాలకు ఇస్తామన్నారు. బసవేశ్వర మా ఖేడ్ కోసం. పక్కనే పారే నది నుంచి మాకు నీళ్లు రావడానికి నిజాంసాగర్ పూర్తయ్యాక తొంభై ఏళ్లు ఇంతెజార్ చేస్తే శిలాఫలకం వచ్చింది. తర్వాత హుకూమత్ మారింది, పనుల సంగతి ఎన్నికలప్పుడు ఇరుపక్షాలూ గుర్తుచేస్తూనే ఉన్నాయి. ఏదో ఒక రోజు ఆ మోటార్లు తిరుగుతాయనే ఉమ్మీద్. తిరిగినప్పుడు వాటికి కరెంటు కావాలి, చాలా కావాలి. ఎల్ హియెర్రోలో ఎక్కిన నీళ్లు కరెంటై దిగుతాయి. ఇక్కడ ఎక్కిన నీళ్లు చేలల్లో ఇంకుతాయి. కాబట్టి ఆ కరెంటు ఎక్కడి నుంచి అన్న సవాల్ ఇప్పుడే అడగాలి.

ఇక్కడ సోలార్ లెక్క చూడండి. ఒక మెగావాట్ సోలార్‌కు నాలుగైదు ఎకరాలు చాలు. సింగూరు యంత్రాల తాఖత్ 15 మెగావాట్లు. అంత తాఖత్ ఉన్న సోలార్ 60 నుంచి 75 ఎకరాల్లో పట్టేస్తుంది. వేల ఎకరాలు ముంచాల్సిన పని లేదు. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే సింగూరు కరెంటు కోసం కట్టింది కాదు, తాగునీళ్ల కోసం కట్టింది. సోలార్ పగలే పనిచేస్తుంది, నీటి యంత్రాన్ని రాత్రి కూడా తిప్పొచ్చు. అయినా ఒక మెగావాట్ సోలార్ మన ఎండకు ఏడాదికి 15 లక్షల యూనిట్ల దాకా ఇస్తుంది, కరువు సంవత్సరంలో కూడా ఇస్తుంది. పంటలకు పగలే నీళ్లు పెడతాం. నీళ్లు ఎత్తడానికి పగటి కరెంటు కంటే మెరుగైన జోడీ ఏముంది? రామగుండంలో ఎన్టీపీసీ చెరువు నీళ్ల మీదే 100 మెగావాట్ల తేలే సోలార్ పరిచి 2022 జూలైలో పూర్తిగా నడిపించింది. సింగూరు, నిజాంసాగర్ నీళ్ల మీద అలాంటిది ఎందుకు ఉండకూడదని ఆలోచించేవాళ్లు ఉన్నారు. ఆలోచించాలి కూడా, కానీ అక్కడ చేపలు పట్టి బతికే గంగపుత్రులను, ముదిరాజ్‌లను ముందు కూర్చోబెట్టుకుని.

ఎందుకంటే అసలు ఖత్రా ఇక్కడే ఉంది. తెలంగాణ సోలార్ పాలసీ 2015లో వచ్చాక ప్లాంట్లు జిల్లాల్లో సబ్‌స్టేషన్ల పక్కన చాలా చోట్ల లేచాయి. భూమి ఎక్కడ చవకో అక్కడికి ప్యానెళ్లు వస్తాయి. మా లాంటి మెట్ట ఇలాకాలో భూమి చవక, ఎండ ముఫ్త్. కంపెనీ వస్తుంది, ఎకరానికి ఇంత అని ఇరవై ఐదేళ్ల లీజు రాయించుకుంటుంది. రైతుకు మొదట్లో అది బంగారంలా కనిపిస్తుంది, కరువులో కంటే నయమే. పదిహేనేళ్ల తర్వాత ధరలు ఎక్కడుంటాయి, ఆ లీజు ఎక్కడుంటుంది? ఆ చెలకలో మేకలు మేపుకున్నవాళ్లకు, కలుపు తీసి కూలి తెచ్చుకున్న ఆడవాళ్లకు లీజు డబ్బుల్లో పైసా రాదు, ఎందుకంటే వాళ్ల పేరు మీద పట్టా లేదు. జహీరాబాద్ పక్కన న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ కోసం వేల ఎకరాలు తీసుకున్నప్పుడు ఈ పట్టా లేని మనుషుల సంగతి ఎన్నిసార్లు లేచిందో అందరికీ తెలుసు. బొగ్గు కంపెనీ తీసుకున్నా సోలార్ కంపెనీ తీసుకున్నా భూమి పోయినవాడి కడుపు ఒకటే రకంగా కాలుతుంది.

హిస్సాదారులుగా ఉండటం మన జనానికి చేతకాదనే మాట నేను నమ్మను. మిసాల్ కావాలంటే డెన్మార్క్ దాకా పోనక్కర్లేదు. మంజీరాకు ఆ పక్కన, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి నడుస్తోంది. దళిత ఆడవాళ్ల సంఘాలు బీడు భూములు బాగుచేసుకుని జొన్నలు, కొర్రలు పండించుకున్నాయి, సొంత విత్తనం దాచుకున్నాయి, 2008లో మాచనూరులో సొంత రేడియో పెట్టుకున్నాయి. సంఘం రేడియోను ఇంగ్లీషు రాని ఆడవాళ్లు నడిపారు. రేడియో నడిపినవాళ్లు ఇన్వర్టర్ నడపలేరా? ఇప్పటి రాష్ట్ర ప్రభుత్వం కూడా మహిళా సంఘాల చేతికి వెయ్యి మెగావాట్ల సోలార్ ప్లాంట్లు ఇస్తామని ప్రకటించింది. ఆ జాబితాలో ఖేడ్, మనూరు, కల్హేర్, కంగ్టి, సిర్గాపూర్, నాగల్‌గిద్ద పేర్లు ఎన్ని ఉంటాయో చూడాలి. సంఘం పేరు బోర్డు మీద పెట్టి, లాభం కాంట్రాక్టర్ ఖాతాలో వేసే తరీఖా మనకు కొత్త కాదు కాబట్టి, ప్లాంటు పక్కన ఫోటో దిగే రోజున కాదు, యూనిట్ల డబ్బులు జమయ్యే రోజున లెక్క చూడాలి.

మా ఊళ్ల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దోస్తులారా, ప్యానెళ్ల కంపెనీ మనిషి ఇంటికొచ్చినప్పుడు చాయ్ తాగించండి, మర్యాదగా కూర్చోబెట్టండి. తర్వాత అడగండి: ఈ ప్లాంటులో మా ఊరికి హిస్సా ఎంత, ఏటేటా కిరాయి ఎంత పెరుగుతుంది, మేకలు ప్యానెళ్ల కింద మేయొచ్చా, ప్యానెళ్లు తుడిచే పని ఎవరికిస్తారు, ఇరవై ఐదేళ్లయ్యాక ఆ అద్దాలు, ఇనుము ఎవరు ఎత్తుకుపోతారు. సంతకం పెట్టే కాగజ్ తెలుగులో రాసిచ్చారా, లేక ఇంగ్లీషులోనే చేతికిచ్చారా అన్నది కూడా చూసుకోండి. ఇంగ్లీషులో ఉంటే ఆ రోజు వేలిముద్ర వేయకండి, కాలేజీ చదివే పిల్లతో చదివించి వారం తర్వాత రమ్మనండి.